ఐబు

తమ్ముడి ట్యాక్సీ కోసం సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి తాడేపల్లిగూడెం వెళ్లాం. అక్కడి రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే మీద నడిపి చూశాం. బండి మఖ్ఖన్‌లా పోయింది. విమానానికైతే ప్రతి రిపేరూ లాగ్‌బుక్‌లో ఎక్కుతుంది. కారుకు అలాంటి కితాబ్ లేదు.

అబ్బా సీటుబెల్టు చివరిదాకా లాగారు. లోపల ఎండిన బురద. బండి బెజవాడది. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినవాటిలో ఒకటి.

"సౌదా అన్నాక మామూలే సాబ్" అన్నాడు అమ్మేవాడు.

ఏలూరు వచ్చాక అబ్బా నోరు విప్పారు. బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెడితే ప్రవక్త (స) వేళ్లకు తడి తగిలిందట. తడిసిన గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారట.

నాకు గుండె ఝల్లుమంది. యాక్సిడెంటైన నా స్కూటర్‌కు వెల్డింగ్ చేయించి, రంగేసి బేరం పెట్టాను. రాత్రే కొనేవాడికి ఫోన్ చేసి చెప్పేశాను.

బేరం పోయింది. అల్‌హందులిల్లాహ్.