వానాకాలం తలుపులు

ఆషాఢం వచ్చిందంటే ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పాత చెక్క తలుపులు మొరాయిస్తాయి. భుజం ఆనించి నెడితే గానీ పడవు. చెక్క ఉబ్బిందని వడ్రంగిని పిలుస్తారు, అతనొచ్చి అంచుకు చిత్రిక పట్టి పోతాడు.

ఒక్కసారి ఆ తలుపును పరీక్షగా చూడండి. పట్టేసేది గడియ వైపు అంచే. ఎత్తు మాత్రం పెరిగినట్టే ఉండదు. నిలువు పలకలో నార కూడా నిలువుగానే ఉంటుంది. చెమ్మ ఆ నార గోడల్లో చేరి పోగులను ఎడంగా నెడుతుంది కాబట్టి వెడల్పే పెరుగుతుంది. పచ్చి కలప పూర్తిగా ఎండితే అడ్డంగా 3 నుంచి 10 శాతం దాకా కుంచించుకుపోతుంది. నిలువునా సాధారణంగా అర శాతం కూడా తగ్గదు.

ఇంతకంటే అబ్బురం ఇంకొకటుంది. నీటిని గబగబా పీల్చేది ఆ పక్క అంచు కాదు, నార తెగి నోళ్లు తెరుచుకుని ఉన్న పై అంచూ కింది అంచూ. దూరే చోటు ఒకటి, ఉబ్బే చోటు ఇంకొకటి.

వంటింట్లోనూ ఇదే వరస. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన ఇళ్లలో పప్పో బొబ్బర్లో నానబోయని వారం ఉండదు. బొబ్బర్లు నీళ్లలో వేసి కాసేపాగి చూడండి. నున్నటి గింజ ముడతలు పడి ఉంటుంది! నీళ్లలో పడ్డది ముడుచుకోవడమేమిటి? నల్లకన్ను దగ్గరి సన్నటి దారిన నీరు ముందు తొక్క కిందికి చేరుతుంది. తొక్క సాగుతుంది, లోపలి బద్ద ఇంకా పొడిగానే ఉంటుంది. అది మెల్లగా తాగి నిండేసరికి ముడత మాయం. ఈ ఆలస్యమే అసలు సంగతి. లోపలికి పోయేకొద్దీ నీటి నడక మందగిస్తుంది.

బెంగాలీలు ఇష్టంగా తినే ఉప్పుడు బియ్యానికీ ఇదే చిక్కు. చన్నీళ్లలో వడ్లు నానాలంటే రెండు మూడు రోజులు పట్టి వాసన కొడతాయి. సుమారు 70 డిగ్రీల వేడినీళ్లలో మూడు నాలుగు గంటలు చాలు. మన ఖరగ్‌పూర్ ఐఐటీలో ధాన్యం మీద పరిశోధనకు ప్రత్యేక కేంద్రమే పెట్టారంటే ఆశ్చర్యం లేదు.

మళ్లీ తలుపు దగ్గరికొస్తే, ఆషాఢ శ్రావణాల్లో దానికి చిత్రిక పట్టించకండి. చలికాలంలో అదే తలుపుకు సందు పడుతుంది. మార్గశిరంలో, చెక్క బాగా ఆరాక, తలుపు ఊడదీయించి ఎవరికీ కనబడని ఆ పై అంచుకూ కింది అంచుకూ రెండు పూతలు రంగు వేయించండి.