రికార్డు మీద పేరు

నా దగ్గిర నలభై మూడు జాజ్ రికార్డులున్నాయి. అన్నం పళ్లెమంత నల్లటి ఎల్.పి.లు. వాటిని వినడానికి నెల్లూరులో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గిర కొన్న హెచ్.ఎం.వి. ఫియస్టా మిషను ఉంది. ఉదయగిరి లాంటి మెట్ట ఊళ్లో, గవర్నమెంటు బడిలో పనిచేసే మాదిగ అయ్యవారికి ఈ పిచ్చి ఎట్టా పట్టిందని తోటి టీచర్లు అడుగుతుంటారు. "ప్లాటు కొనుక్కోకుండా ఈ పెంకులేంది సార్?" అంటారు. త్యాగరాయ కీర్తనల క్యాసెట్లు బీరువా నిండా దాచుకున్న ఇంకో సారుని ఆ మాట ఎవరూ అడగరు. ఆయన రసికుడు, నేను పిచ్చోణ్ణి.

మాది ఆత్మకూరు దగ్గిర పల్లె. మా వంశంలో డిగ్రీ పట్టా చూసిన మొదటోణ్ణి నేను. తిరుపతిలో యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు అంబేద్కర్ని చదివాం. అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు మీద 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టిందని చదివాం. ఒకరోజు రాత్రి మా సీనియర్ ఒకన్న నా చెవుల్లో ఇయర్ ఫోన్లు పెట్టి, "వాళ్ల రాతలు చదివినావు గదా, వాళ్ల ఏడుపు కూడా విను" అన్నాడు. జాన్ కోల్‌ట్రేన్ సాక్సాఫోన్. ఆ బాణీ పేరు 'అలబామా'. 1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చిలో తెల్లజాతి ఉన్మాదులు బాంబు పెడితే నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. ఆ నవంబరులోనే కోల్‌ట్రేన్ దాన్ని రికార్డు చేశాడు. అందులో మాట ఒక్కటీ లేదు. నేను పుట్టకముందు, 1985లో జరిగిన కారంచేడు నాకు ఆ రాత్రి వినపడింది.

2012 డియస్సీలో ఉద్యోగం వచ్చాక, చెన్నై పోయినప్పుడల్లా సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ షాపుల్లో పాత రికార్డులు వెతకడం మొదలుపెట్టాను. దుమ్ములో కూచుని అట్టలు తిరగేస్తుంటే నన్ను పట్టుకున్నది ముందు పాట కాదు, అట్ట వెనక అచ్చయిన పేర్లు. ట్రంపెట్ ఎవరు, పియానో ఎవరు, డ్రమ్ములు ఎవరు, ఏ ఊళ్లో, ఏ తేదీన రికార్డు చేశారు - అన్నీ ఉంటాయి. వాళ్ల తాతముత్తాతల్ని సంతలో పశువుల్లా అమ్మినారు. మనవళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా అట్ట మీదికెక్కాయి.

అది ఊరికే రాలేదు. న్యూ ఆర్లియన్స్‌లో కాంగో స్క్వేర్ అని ఒక మైదానం ఉంది. బానిసలు ఆదివారాలు అక్కడ చేరి డ్రమ్ములు వాయించి ఆడేవాళ్లు. తర్వాతి కాలంలో ఆ ఊళ్లోనే నల్లవాళ్ల బ్యాండు మేళాలు శవం ముందు నడిచేవి. పోయేటప్పుడు ఏడుపు బాణీ, పూడ్చిపెట్టి వచ్చేటప్పుడు చిందేసే బాణీ. జాజ్ పెరిగింది అట్టాంటి వీధుల్లోనే. కానీ 1917లో జాజ్ పేరుతో మొట్టమొదట బయటికొచ్చిన రికార్డు తెల్లవాళ్ల బ్యాండుది. కింగ్ ఆలివర్ నల్లవాళ్ల బ్యాండుకి 1923 దాకా ఆ వంతు రాలేదు. ఆ బ్యాండులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు. ఇండియానా రాష్ట్రంలో రిచ్‌మండ్ అనే ఊళ్లో రికార్డు చేశారు. పెద్ద డ్రమ్ము మోగితే సూది ఎగిరిపోతుందని డ్రమ్మరు బేబీ డాడ్స్‌ని చెక్కముక్కల మీద వాయించమన్నారు. అదే కంపెనీ ఆ రోజుల్లో నల్లవాళ్లని చంపే కు క్లక్స్ క్లాన్ పాటల్నీ డబ్బుకి అచ్చేసి ఇచ్చింది. 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండుని అమెరికా ప్రభుత్వం తన గొప్ప చూపించుకోడానికి మన దేశానికి పంపింది. హైదరాబాదులో, మద్రాసులో వాయించారు. బర్మింగ్‌హామ్‌లో బాంబు పేలింది కూడా ఆ ఏడాదే.

ఇదంతా తెలిసేకొద్దీ నాకు మా నాయన పలక గుర్తొచ్చేది. మా వైపు డప్పుని పలక అంటారు. చెక్క బద్దని గుండ్రంగా వంచి, తోలు బిగించి, గడ్డిమంట దగ్గిర కాచితే కంగున మోగుతుంది. మా నాయన, మా పెదనాయన ఊళ్లో ఎవరు చచ్చినా శవం ముందు కొట్టాల. అమ్మోరి జాతరకి కొట్టాల. చాటింపుకి కొట్టాల. ఇచ్చేది మానెడు వడ్లు, ఇంత సారాయి. పిలుపు మాత్రం "రేయ్, కొట్టండ్రా". శవాన్ని ఒకటిన్నర మైలు ముందు నడిపించిన మనిషికి, తిరిగొచ్చాక ఆ ఇంటి అరుగు దగ్గిరికి పోయే హక్కు లేదు.

1994 జులైలో పక్క జిల్లా ప్రకాశంలో, ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. ఆ గాలి మా పల్లె దాకా వచ్చింది. కుర్రాళ్లు కూచుని, ఇంక ఊరి శవాల ముందు పలక కొట్టేది లేదని తీర్మానం చేశారు. మా నాయన ఆ రాత్రే పలకని అటకెక్కించాడు. అది ఆత్మగౌరవం. ఇరవై ఏళ్లకి పైగా అది దించలేదు.

నేను దింపమన్నాను. "ఎవురి కోసరం?" అన్నాడు. జవాబు చెప్పలేక ఫియస్టా పెట్టె ఇంటికి తీసుకుపోయి, న్యూ ఆర్లియన్స్ శవయాత్ర మేళం రికార్డు వేశాను. మా నాయన కళ్లు మూసుకుని విన్నాడు. రెండో బాణీ వచ్చేసరికి మోకాలి మీద వేళ్లు ఆడినాయి.

"ఈళ్లెవురు?"

"బానిసల బిడ్డలు నాయనా. సావుల కాడ వాయించేవాళ్లు."

"కూలెంత ఇచ్చినారంట?"

బెస్సీ స్మిత్ సంగతి చెప్పాను. 1923 నుంచి ఆమె రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయినా, కంపెనీ పాటకింత అని కూలి ఇచ్చి చేతులు దులుపుకుందని, అమ్మకంలో వాటా ఇవ్వలేదని చెప్పాను.

"అయితే మనోళ్లే" అన్నాడు మా నాయన.

అట్ట మీద పేర్లన్నీ చదివి వినిపించమన్నాడు. ఒక్కొక్క పేరూ చదివాను. చాలాసేపు గమ్ముగా ఉండి, "మా అన్న పేరు కూడా రాస్తావా? నాకు నేర్పింది ఆయనే" అన్నాడు. మా పెదనాయన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

అటక మీది పలకని ఎలుకలు కొట్టేసినాయి. కొత్త తోలు వేయించాం. ఇద్దరు ముసలోళ్లు తోడొచ్చారు. మా వేపచెట్టు కింద రెండు సాయంత్రాలు రికార్డు చేశాను. సావు దెబ్బ, పెళ్లి దెబ్బ, జాతర దెబ్బ. మధ్యలో ఇద్దరూ దెబ్బ తగ్గించి పట్టుకుంటే మా నాయన ఒక్కడే పైకి లేస్తాడు. అప్పటికప్పుడు అల్లి, తిప్పి, మళ్లీ వాళ్లలోకి వచ్చి కలుస్తాడు. ఆ మాదిరి నాకు కొత్త కాదు. చెన్నైలో ఒక ఏసీ హాల్లో జాజ్ కచేరీకి పోయినప్పుడు చూశాను. అక్కడ ఒక్కొక్కరి వంతు అయిపోగానే నాయకుడు మైకులో ఆ మనిషి పేరు చెప్తాడు, జనం చప్పట్లు కొడతారు. నేనూ కొట్టాను, అరచేతులు మండేదాకా. మా నాయన వంతు అయిపోయినప్పుడు ఆయన పేరు గట్టిగా పలికాను. ముసలోళ్లు నవ్వినారు. మా నాయన సిగ్గుపడ్డాడు.

ఉదయగిరిలో నేను అద్దెకున్న ఇంట్లో రెండేళ్లు ఆర్మ్‌స్ట్రాంగ్ మోగాడు. ఇంటాయన ఒక్కసారి మాత్రం "ఇంగ్లీషు పాటలా? మీరు కిరస్తానీలా సారూ?" అని నవ్వుతూ కులం కూపీ లాగాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. పలక రికార్డు వేసిన రోజు సాయంత్రం మాత్రం మెట్లెక్కి వచ్చాడు. "ఏంది సార్, సంసారులుండే కొంపలో సావు మేళం?" అన్నాడు. అమెరికా శవయాత్ర మేళం అదే గదిలో ఎన్నిసార్లు మోగిందో ఆయనకి తెలియదు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. చేశాను. ఆ దెబ్బ వినగానే ఆయనకి నా కులం తెలిసిపోయింది. మా నాయన వేళ్లలో అంత బలం ఉందని నాకూ తెలిసింది.

ఉద్యమంలో ఉన్న మిత్రులు కొందరు నన్ను తప్పుపడతారు. "మానిపించిన పలకని మళ్లీ భుజానికెక్కిస్తావా?" అంటారు. వాళ్ల కోపం నాకర్థమవుతుంది. వెట్టి పలక మానాల్సిందే. కానీ వెట్టిని పాతిపెట్టేటప్పుడు విద్యని కూడా అదే గోతిలో పాతిపెడితే నష్టం ఊరికి కాదు, మనకి. ఒట్టి పేరుతో కడుపు నిండదని కూడా నాకు తెలుసు. డక్కలి కులంలో పుట్టిన కిన్నెర మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాదు దగ్గిర కూలి పని చేస్తున్నాడని పత్రికలు రాశాయి. పేరూ కూలీ రెండూ కావాలి.

మా బడిలో ఎనిమిదో తరగతి పిలగాడొకడు వాళ్ల నాయన ఏం చేస్తాడంటే "బేల్దారి పని" అని చెప్పేవాడు. పలక కొడతాడని చెప్పడానికి నామోషీ. ఒకరోజు తరగతిలో మా నాయన రికార్డు వేసి, "ఇది మా నాయన" అని చెప్పాను. ముందు వరసలో ఇద్దరు ముక్కులు చిట్లించారు. ఈ పిలగాడు బెంచీ మీద వేళ్లతో దెబ్బ కలిపాడు, ఒక్క చోట కూడా తప్పలేదు. మర్నాడు వచ్చి, "సార్, మా నాయన్ది కూడా ఎక్కిస్తారా?" అనడిగాడు. ఎక్కించాను.

ఇప్పటికి మర్రిపాడు, అనంతసాగరం, దుత్తలూరు వైపు పదకొండు మంది పెద్దోళ్ల పలక రికార్డు చేశాను. సీడీ అట్ట మీద పేరు, పల్లె, ఎవరి దగ్గిర నేర్చుకున్నదీ, తేదీ రాస్తున్నాను. ఇది చదివే విద్యార్థులారా, కార్యకర్తలారా, మీ వాడలో కూడా ఒక ముసలాయన అరుగు మీద కూచుని ఉంటాడు. ఫోను మీ జేబులోనే ఉంది. పోయేటప్పుడు ముందు ఆయన రోజు కూలి చేతిలో పెట్టండి. తర్వాత పేరు అడిగి రాసుకోండి. ఆయనకి నేర్పినోళ్ల పేరు కూడా అడగండి. ఆ తర్వాతే బటను నొక్కండి.