చిన్న కీలు

విశాఖపట్టణమున 1933 లో రేవు తెరవబడెను. 1992 లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితము చేయబడెను. ఓడలును ఉక్కును గల యిట్టి నగరమున, రేగుపండంత యుక్కు గోళముకొఱకు మేము మూడు మాసములు తిరిగితిమనిన మా విద్యార్థులు నవ్వవచ్చును.

మా మిత్రులొకరు రేవు కొలువునుండి విశ్రాంతి పొందినవారు. వారియొద్ద అన్నగారు విడిచిపోయిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను రెండు పీఠముల స్పోర్ట్సు కారు కలదు. ఇంగ్లండులో 1962 మొదలు 1980 వఱకు తయారైన జాతి యది. గడచిన వర్షకాలమున కైలాసగిరి దారి మలుపులలో ముందు చక్రమునొద్ద టకటకమను శబ్దము వినవచ్చెను. గాజువాక ఆటోనగరులోని వృద్ధ మేస్త్రి జాకీతో బండి నెత్తి, చక్రమును పైఅంచునను క్రిందియంచునను పట్టి యూపి, పై బాల్ జాయింటు అరిగినదని చూపెను.

బాల్ జాయింటు మన తుంటికీలువంటిదే. గిన్నెవంటి గూటిలో ఉక్కు గోళము తిరుగుచుండును. అందుచే చక్రము గోతులలో పైకి క్రిందికి కదలుచునే, స్టీరింగు త్రిప్పినపుడు ప్రక్కకును తిరుగగలదు. లోని గ్రీజును రబ్బరు తొడుగు కాపాడును. తొడుగు చినిగెనా, ఉప్పుగాలి తేమయు దుమ్మును చొచ్చి కీలును తినివేయును.

అంగళ్లలో క్రొత్త బండ్ల జాయింట్లు రాసులుగా నున్నవి. మాకు వలసినది లేదు. ఒక వర్తకుడు దానిని పోలినదొకటి తెచ్చి, "కొంచెము రాచినచో సరిపోవును" అనెను. మా మిత్రులకు త్వర మిక్కుటము. మనుమరాలి పెండ్లి పదిదినములలో నుండెను, ఆమె యా బండిలోనే చర్చికి వెళ్లగోరెను. మేస్త్రి జాయింటు కాడకు నీలిరంగు పూసి, రంధ్రమున నుంచి త్రిప్పి తీసెను. రంగు రంధ్రపు టంచుననే యంటినది. కాడ వాలు వేఱు, రంధ్రపు వాలు వేఱు. "అయ్యా, ఇంజను ఆగినచో దారిలో నిలుతుము, ఇది యూడినచో దారియే యుండదు" అని యతడు పలికెను. మిత్రులు చాలసేపు మాటాడరైరి. పెండ్లికూతురు బాడుగకారులో వెళ్లెను.

పిమ్మట మేము స్పిట్‌ఫైరు వంశమును విచారించితిమి. అది హెరాల్డు అను సామాన్యపు కుటుంబకారు చట్రమును కుదించి కట్టబడినది. ముందు చక్రముల కూర్పు రెంటికి నొకటే. ఆ హెరాల్డును 1961 నుండి మద్రాసులో స్టాండర్డు కంపెనీవారు తయారుచేసిరి. కావున చెన్నపట్టణపు పుదుప్పేటకు పోయితిమి. అచ్చట పాత పొట్లములో జాయింటు దొరకెను. వాలు సరిపోయెను, కాని యేండ్ల తరబడి నిలువయుండుటచే రబ్బరు పెళుసై చేతిలోనే విఱిగెను. దానిని కొలతకు మాత్రముంచుకొని, పాతకార్ల భాగములమ్ము ఇంగ్లండు వర్తకులనుండి క్రొత్తజత తెప్పించితిమి. సుంకము కట్టుటకు మిత్రులు గొణిగిరి గాని కట్టిరి.

బిగించుట కొలదిసేపటి పనియే. మేస్త్రి క్రిందనున్న ఇత్తడి ట్రనియనునకు గ్రీజుగాక గేరునూనె పట్టించెను. గ్రీజు మరచుట్లకు చక్కగా చేరదు, పొడిబారిన కాడ విఱుగును.

విద్యార్థులారా, కొలిచి చూడక "సరిపోవును" అనకుడు. అందఱును మెచ్చు ఎఱ్ఱరంగును మోయునది యెవ్వరును చూడని కీలే.

క్రిస్మసు సెలవులలో మనుమరాలు భర్తతో వచ్చి, ఆ బండిలో భీమునిపట్టణము వఱకు పోయివచ్చెను. పీఠములు రెండే గనుక, మిత్రులును మేమును గుమ్మమునొద్దనే నిలిచితిమి.