రథానికి దారేది?

విజయదశమి రాత్రి జగదల్‌పూర్ వీధుల్లోకి ఎనిమిది చక్రాల కర్ర రథం వస్తుంది. దానికి స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు. అడ్డాకు తీగ నారతో పేనిన తాళ్లు పట్టుకుని వందలాది ఆదివాసీలు లాగుతుంటే రెండంతస్తుల ఎత్తున ఊగుతూ కదులుతుంది. ఆ రాత్రి మలుపులో ఒక్క కారు అడ్డంగా ఉన్నా ఊరంతా ఆగిపోవాల్సిందే. మిగతా ఏడాది అదే వీధిలో ఆ కారు నిలపడానికి చోటు లేదని జనం విసుక్కుంటారు. ఒకే రోడ్డు మీద రెండు హక్కుల తగాదా ఇది.

తెలుగువారికి ఇది పొరుగూరి గొడవ కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. ఆ వంశంలోని పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర నుంచి రథపతి బిరుదుతో తిరిగి రావడంతో దసరాకు రథం వచ్చిందంటారు. 75 రోజుల ఈ పండుగలో రావణ దహనం ఉండదు. ఉత్సవమంతా దంతేశ్వరీ దేవిదే.

ఇప్పుడు వరంగల్ నుంచి కారెక్కినవారు ఏటూరునాగారం దగ్గర గోదావరి దాటి, భోపాలపట్నం, బీజాపూర్, గీదం మీదుగా జగదల్‌పూర్ చేరవచ్చు. విజయవాడ వైపు నుంచి భద్రాచలం, కుంట మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి ఉంది. రోడ్డు బాగుపడితే యాత్రికుడు వస్తాడు. యాత్రికుడితో పాటు కారూ వస్తుంది. గుడి చూసి మురిసే ఆ మనిషే, గుడి ముందు చోటు తగ్గడానికి కారణమూ అవుతాడు.

భద్రత మాటను కొట్టిపారేయడానికి లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1.68 లక్షల మందిని బలిగొన్నాయి. వారిలో ద్విచక్రవాహనదారులే 44 శాతానికి పైగా. గోల్ బజార్ లాంటి చోట సైకిలు, ఆటో, లారీ, తలమీద బుట్టతో నడిచే మహిళ ఒకే రోడ్డు పంచుకోవాలి. వారసత్వం పేరుతో ఆమెను బండ్ల మధ్య వదిలేయడం సంస్కృతి పరిరక్షణ కాదు.

చిక్కల్లా మందులోనే ఉంది. భద్రత అనగానే ఇంజనీరుకు తోచేది డివైడర్, స్పీడ్ బ్రేకర్, విద్యుత్ స్తంభం, సిగ్నల్. ఇవన్నీ రథానికి అడ్డే. పార్కింగ్ అనగానే కంటికి కనిపించేది ఖాళీ మైదానం. కానీ ఊరూరా నుంచి దేవతలతో వచ్చే జనం దిగేది అలాంటి ఖాళీల్లోనే. మ్యాపులో ఖాళీగా కనిపించేదంతా ఖాళీ కాదు.

పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాన్ని నిషేధించింది. రాతి కట్టడానికి అది గొడుగు పడుతుంది. ఏటా కొత్తగా చెక్కే రథానికి, అది తిరిగే దారికి ఏ గొడుగు పట్టాలి? ఇక్కడ కాపాడాల్సింది గోడను కాదు, నడకను.

హైదరాబాద్ అనుభవం కళ్లముందే ఉంది. పొగ, అదురు నుంచి కాపాడేందుకు చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరిచే పథకం ఏళ్ల తరబడి నలిగింది. బండ్లు పోగానే ఆ జాగా తోపుడుబండ్లతో నిండింది. 2019 మేలో ఒక మినార్ నుంచి గచ్చు పెళ్ల ఊడిపడింది. వాహనాలను ఆపడం పనిలో సగమే. వాటిని ఎక్కడికి పంపాలి, చిరువ్యాపారి ఎక్కడ కూర్చోవాలి అన్నది ముందే తేల్చుకోవడం మిగతా సగం. ఓరుగల్లు కోటలో మరో పాఠం ఉంది. శత్రువు వేగం తగ్గించేందుకు మెలికలు తిప్పి కట్టిన ద్వారాలు నేడు కార్ల వేగాన్ని తగ్గిస్తున్నాయి. పాత కట్టడమే స్పీడ్ బ్రేకరైతే దాన్ని విస్తరణ పేరుతో కూల్చడం తెలివితక్కువ.

జగదల్‌పూర్‌కు దారి దాని సంప్రదాయంలోనే ఉంది. రథం తిరిగే వీధుల్లో శాశ్వత పార్కింగ్ ఉండకూడదు. కార్లు ఊరి అంచున ఆగాలి, అక్కడి నుంచి చిన్న బండ్లు నడవాలి. డివైడర్లు కావాలంటే తీసి పెట్టుకునేవే వేయాలి. ఈ లెక్కలన్నీ అధికారుల గదిలో కాకుండా మురియా దర్బార్‌లో చర్చకు రావాలి. 1876 తిరుగుబాటు తర్వాత మొదలైన ఆ దర్బార్ ప్రజల ఫిర్యాదులు వినేందుకు పుట్టిందే. రథం లాగే చేతులకు రోడ్డు గురించి మాట్లాడే హక్కు లేదనగలమా?

మొదట రథానికి పన్నెండు చక్రాలుండేవట. లాగడం కష్టమై తర్వాత ఎనిమిది, నాలుగు చక్రాలతో రెండు రథాలు చేశారంటారు. దారికి తగ్గట్టు దేవి రథమే తగ్గింది. కారు తగ్గకూడదా?