చిట్టా నుంచి ఆవర్జాకు

మీ ఊళ్లో కిరాణా కొట్టు షావుకారు లెక్కలు రాసే తీరు మీరు చూసే ఉంటారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా జరిగిన బేరాలన్నిటినీ జరిగిన వరుసలోనే ఒక పుస్తకంలో రాసుకుంటాడు. అది చిట్టా. తీరిక దొరికినప్పుడు ఆ పద్దులను ఎవరి పేరు కింద వారివి వేరు చేసి మరొక పుస్తకంలోకి ఎక్కిస్తాడు. అది ఆవర్జా. ఈ నెల ఎవరు ఎంత బాకీ ఉన్నారో చిట్టా తిరగేస్తే చప్పున తెలియదు. ఆవర్జా తెరిస్తే తెలుస్తుంది.

నోయిడాలో నేను చేసే ఉద్యోగం ఈ రెండు పుస్తకాల మధ్యది. చిట్టాను ఆవర్జాగా మార్చే పని ఇప్పుడు కంప్యూటరు చేస్తున్నది. అది సరిగా చేసిందా లేదా అని పరీక్షించడం నా పని. కంప్యూటరు చేసిన లెక్కకు పరీక్ష ఎందుకు అని మీకు సందేహం కలగవచ్చు. కూడికలో అది పొరపడడం అరుదే. కాని ఏ పద్దులను కూడాలి, వేటిని వదలాలి అన్నది వేరే సంగతి. చిక్కంతా అక్కడే ఉంది.

పైథాన్ అనే కంప్యూటరు భాష 1991 నుంచి వాడుకలో ఉంది. ఆ భాషలో పట్టికలతో పని చేయడానికి వెస్ మెకిన్నీ అనే అమెరికన్ 2008లో ఒక సాధనం తయారుచేయడం మొదలుపెట్టారు. దాని పేరు పాండాస్. పాండా జంతువుకూ దీనికీ సంబంధం లేదు. ‘ప్యానెల్ డేటా’ అన్న మాటల నుంచి ఆ పేరు వచ్చింది. పద్దులను ఒక్కొక్క పేరు కింద పోగుచేసి మొత్తమో సగటో కట్టడాన్ని ఇందులో ‘గ్రూప్ బై’ అంటారు. అడ్డంగా ఒక విషయం, నిలువుగా మరొక విషయం పెట్టి, రెండూ కలిసే గడిలో లెక్క వేస్తే అది ‘పివట్ పట్టిక’. పేరు కొత్తదే గాని పని కొత్తది కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇక్కడ నోయిడా గురించి ఒక మాట చెప్పాలి. ఇది పాతకాలపు ఊరి పేరు కాదు. 1976లో ఏర్పడిన ‘న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ’ అనే సంస్థ పేరులోని మొదటి అక్షరాలను కలిపితే వచ్చిన పేరు. ఇక్కడి పేటలకు పేర్ల కన్నా అంకెలే ఎక్కువ: సెక్టర్ 18, సెక్టర్ 62 అని. ఒక గుమాస్తా ‘సెక్టర్ 62’ అని రాస్తాడు, ఇంకొకడు ‘సె. 62’ అంటాడు, మూడోవాడు ఉత్త ‘62’ వేసి ఊరుకుంటాడు. మీకూ నాకూ అవి మూడూ ఒకటే. కంప్యూటరుకు మూడు వేరు వేరు చోట్లు. చివర కంటికి కనబడని ఒక ఖాళీ ఉన్నా దానికి అది నాలుగో చోటే.

2022లో ఒక గుత్తేదారు కార్యాలయం నుంచి మాకు ఒక ప్రోగ్రాము వచ్చింది. అది పనివాళ్ల హాజరు పట్టీ తీసుకొని, ఏ చోట ఏ వారం ఎంత కూలీ ఇవ్వాలో పివట్ పట్టిక వేసి ఇస్తుంది. ఆ పట్టిక చూసి డబ్బు విడుదల చేస్తారు. అప్పటికే కొన్ని వారాలుగా నడుస్తున్నది. కొందరికి కూలీ అందడం లేదన్న ఫిర్యాదు వచ్చాక దాన్ని పరీక్షించమని మాకు పంపారు.

నేను అక్కడికి వెళ్లిన రోజు గేటు దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. వచ్చీరాని హిందీలో కాపలావాడికి ఏదో చెప్పుకుంటున్నారు. యాస విని తెలుగులో పలకరించాను. ఆయన జేబులోంచి ఒక చిన్న నోటు పుస్తకం తీశారు. ప్రతి పేజీలో తేదీ, పక్కన సెక్టరు అంకె, దాని పక్కన పూట పనైతే ఒక గీత, రోజంతా అయితే రెండు గీతలు. “నేను చేసిన రోజులన్నీ ఇందులో ఉన్నాయి బాబూ. మీ కాగితంలో ఎందుకు లేవు?” అన్నారు.

ఆ పుస్తకం చాలా విలువైన ఆధారం. కంప్యూటరు లెక్కను కంప్యూటరు లెక్కతోనే సరిచూస్తే లాభం లేదు. వేరే చేతితో వేరుగా రాసిన లెక్క కావాలి. ఆయన పేజీలను హాజరు పట్టీ పక్కన పెట్టి చూశాను. ఒక చోటి నుంచి ఇంకొక చోటికి మారిన వారాల్లో ‘పని చోటు’ అనే గడి ఖాళీగా ఉంది. ఏ చోటు రాయాలో గుమాస్తాకు తోచక వదిలేసి ఉంటాడు. పాండాస్‌లో గ్రూప్ బై చేసినప్పుడు, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, పేరు లేని పద్దులు ఏ పోగులోనూ చేరవు. తప్పు జరిగిందని హెచ్చరిక కూడా రాదు. పట్టిక చక్కగా, నిండుగానే కనబడుతుంది.

ఇప్పుడు ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. సెక్టర్ 62 కింద రెండు పద్దులు రాయండి: 3,000, 3,600. సెక్టర్ 18 కింద మూడు: 2,400, 3,600, 3,000. ఆరో పద్దు 3,600. దాని చోటు ఖాళీగా ఉంచండి. ఆరింటినీ కూడితే 19,200 రూపాయలు. చోట్ల వారీగా కూడితే 6,600, 9,000, కలిపి 15,600. తేడా 3,600. ఒక మనిషి వారం కూలీ సరిగ్గా అంత.

నేను రాసిన మొదటి పరీక్ష ఇదే. విడదీయక ముందు మొత్తం ఎంతో, విడదీసిన తరువాత మొత్తం ఎంతో చూడాలి. రెండూ సమానం కాకపోతే ప్రోగ్రాము అక్కడే ఆగిపోవాలి. వాణిజ్యశాస్త్రం చదివినవారు దీన్ని వెంటనే గుర్తుపడతారు. అంకణా వేసి సరిచూడడం లాంటిదే ఇది. అంకణా సరిపోయినంత మాత్రాన లెక్కల్లో తప్పులు లేవని కాదు అని కూడా వారు చదివే ఉంటారు. ఒక చోటి కూలీ ఇంకొక చోట పడితే మొత్తం మారదు, తప్పు మాత్రం ఉంటుంది. అందుకని రెండో పరీక్ష కావాలి. పైన మీరు రాసినటువంటి ఐదారు పద్దులకు జవాబు ముందుగా చేత్తో వేసి పెట్టుకోవాలి. ప్రోగ్రాము ఇచ్చిన పట్టికను దానితో గడి గడికీ పోల్చాలి. పోల్చే సాధనం పాండాస్‌లోనే ఉంది. చేత్తో లెక్క వేయడానికే బద్ధకిస్తారు, నా తోటివారితో సహా.

ఇంకొక మెలిక ఉంది. ఏ లెక్క కావాలో చెప్పకుండా పివట్ పట్టిక అడిగితే పాండాస్ మొత్తం కట్టదు, సగటు కడుతుంది. మన ఉదాహరణలో సెక్టర్ 62 గడిలో 6,600కు బదులు 3,300 కనబడుతుంది, సెక్టర్ 18లో 3,000. చూసేవారికి అవీ కూలీల్లాగే ఉంటాయి కాబట్టి అనుమానం రాదు. ఆ రెండు సగటులకు మళ్లీ సగటు కడితే 3,150. ఐదు పద్దుల అసలు సగటు 3,120. ఒక చోట ఇద్దరు, ఇంకొక చోట ముగ్గురు ఉన్నప్పుడు సగటుల సగటు పనికిరాదు.

ఇక ఖాళీ గడుల సంగతి. ఖాళీ పద్దును ఏం చేయాలన్నది ప్రోగ్రాము తేల్చగలిగే విషయం కాదు, కార్యాలయం వారే తేల్చాలి. రెండు రోజులు వాదన జరిగింది. అటువంటి పద్దులను పట్టికలో చూపిస్తే తమ గుమాస్తాల తప్పు బయటపడుతుందని ఒకరి అభ్యంతరం. చివరకు విభజించే ముందు ఖాళీ గడులన్నింటిలో ‘చోటు రాయలేదు’ అన్న మాట నింపాలని నిర్ణయించారు. ఇప్పుడు పట్టిక అడుగున ఆ పేరుతో ఒక వరుస వస్తుంది. అందులో సున్నా కాక వేరే అంకె ఉన్న వారం, డబ్బు విడుదల చేసే ముందు గుమాస్తా సెక్టర్లన్నింటికీ ఫోను చేసి, ఆ మనుషులు ఎక్కడ పని చేశారో కనుక్కుంటాడు. పెద్దాయనకు రావలసిన మూడు వారాల కూలీ ఆయన నోటు పుస్తకం చూసే లెక్క కట్టి ఇచ్చారు.