మా మండువా ఇల్లు, ఐదు ఫోటోలు, ఒక ఎన్‌ఫ్యూజ్

2019 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడే తెలిసింది, మా మండువా ఇంటికి అదే ఆఖరి పండగని. పెదనాన్నగారి పిల్లలూ మేమూ కలిసి అమ్మేశాం. కొన్నవాళ్ళు వేసవిలో పడగొట్టి డాబా కట్టుకుంటామన్నారు. మాలో ఒక్కరికీ అక్కడ ఉండే ఉద్దేశం లేదు కాబట్టి బాధపడే హక్కు కూడా లేదనుకోండి. కనీసం ఒక మంచి ఫోటో తీసి, నాన్నగారికి ఫ్రేము కట్టించి ఇద్దామని కెమెరా బయటికి తీశాను.

అక్కడ మొదలైంది తంటా. తూర్పు గోదావరి వైపు మండువా ఇళ్ళు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నడిమధ్య ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారా, ఆ వెనక గదులు. మిట్టమధ్యాహ్నం మండువాలో ఎండ కళ్ళు చెదిరేలా ఉంటుంది. వెనక ధాన్యం గదిలో మాత్రం పట్టపగలు కూడా చీకటే. మన కంటికి ఇదేం సమస్య కాదు, ఎటు చూస్తే అటు సర్దుకుంటుంది. కెమెరా పాపం అంతా ఒకే లెక్కన చూస్తుంది. మండువా సరిగ్గా రావాలంటే సెకనులో 500వ వంతు చాలు. ధాన్యం గది లోపల కనబడాలంటే అర సెకను కావాలి. అంటే 250 రెట్ల తేడా, ఫోటోగ్రాఫర్ల భాషలో దాదాపు 8 స్టాపులు. ఒకటి బాగా వస్తే రెండోది తెల్లకాగితమో, బొగ్గుముక్కో!

సరే, ఇలాంటప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను. స్టూలు మీద పీట, పీట మీద కెమెరా (ట్రైపాడ్ హైదరాబాదులో మర్చిపోయా). సెకనులో 500వ వంతు, 125వ వంతు, 30వ వంతు, 8వ వంతు, చివరికి అర సెకను. మొత్తం ఐదు ఫోటోలు. వసారాలో పడక్కుర్చీ వేసుకుని కూర్చున్న నాన్నగారిని "కదలకండి" అని బతిమాలాను. ఆయన కదలనే కదిలారు, అది వేరే సంగతి.

హైదరాబాదు వచ్చాక ఈ ఐదింటినీ కలపడం ఎలా? ఒకప్పుడైతే క్రాకు చేసిన ఖరీదైన సాఫ్ట్‌వేరు ఉండనే ఉండేది. పగలు ఆఫీసులో లైసెన్సుల మీద ట్రైనింగులు, రాత్రి ఇంట్లో దొంగ సీరియల్ నంబర్లు. సాఫ్ట్‌వేరు రాసి బతికే మనమే ఇలా చేస్తే ఎలా అని సిగ్గేసి అప్పటికే మానేశాను. కాబట్టి మిగిలింది ఓపెన్‌సోర్సు దారి.

ముందు ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్ ప్రయత్నించాను. అది ఫోటోలన్నిటినీ కలిపి అసలు వెలుగు విలువలు లెక్కకట్టి, తర్వాత వాటిని మన మానిటర్ చూపించగలిగినంతలోకి కుదిస్తుంది. పద్ధతి గొప్పదే. నాకు దాన్ని వాడడం చేతకాలేదో ఏమో, స్తంభాల చుట్టూ దేవుడి పటంలో లాగా కాంతివలయాలు వచ్చాయి. మా ఇల్లు సినిమా సెట్టింగులా తయారైంది.

అప్పుడు ఎన్‌ఫ్యూజ్ పట్టుకున్నాను. ఆండ్రూ మిహాల్ మొదలుపెట్టిన ఎన్‌బ్లెండ్‌కి ఇది తోడు ప్రోగ్రాము. దీని వెనకున్న ఆలోచన 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అనే ముగ్గురు రాసిన పరిశోధన పత్రంలోది. భలే సింపుల్. అసలు వెలుగెంతో లెక్కకట్టే పనే పెట్టుకోదు. ప్రతి చోటా ఐదు ఫోటోల్నీ చూసి, ఎందులో బాగా కనబడుతోందో దానికి ఎక్కువ మార్కులు వేస్తుంది. నలుపుని 0, తెలుపుని 1 అనుకుంటే 0.5కి దగ్గరగా ఉన్న పిక్సెల్ మంచి పిక్సెల్. రంగు గాఢతకి కూడా కాసిని మార్కులు. ఆ మార్కుల నిష్పత్తిలో కలిపేస్తుంది.

పిక్సెల్‌కి పిక్సెల్ నేరుగా కలిపితే అతుకులు కనబడతాయి, గోడకి పాత సున్నం కొత్త సున్నం కలిసినచోట గీత పడ్డట్టు. అందుకని బర్ట్, ఆడెల్సన్ 1983లో చెప్పిన పిరమిడ్ పద్ధతి వాడుతుంది. ఫోటోని పెద్ద మచ్చలు, చిన్న మచ్చలు, సన్నని గీతలు ఇలా పొరలుగా విడదీసి, పెద్దవాటిని వెడల్పుగానూ సన్నవాటిని ఇరుగ్గానూ కలుపుతుంది. మళ్ళీ పొరలన్నీ కూడితే అతుకు మాయం.

పీట మీద పెట్టిన కెమెరా డయల్ తిప్పినప్పుడల్లా కాస్త జరిగింది కదా, దానికి హగిన్‌తో పాటు వచ్చే ఎలైన్ ఇమేజ్ స్టాక్ ఉంది. కదిలిన మనుషుల్ని మాత్రం ఎన్‌ఫ్యూజ్ తనంతట తాను పట్టుకోలేదు. మొదటిసారి నాన్నగారికి రెండు తలకాయలు వచ్చాయి :) గింప్‌లో నాలుగు ఫోటోల్లో పడక్కుర్చీ ఉన్నంతమేర చెరిపేసి, ఒక్కదాంట్లోనే ఉంచాను. పారదర్శకంగా ఉన్న చోటుని ఎన్‌ఫ్యూజ్ పట్టించుకోదు. సమస్య తీరింది.

ఫోటో అద్భుతంగా వచ్చింది. మండువాలో తులసికోట, పైన నీలాకాశం, దూలాల మీద చెక్కడం, ధాన్యం గదిలో గాదె, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. నాన్నగారికి చూపించాను. చాలాసేపు చూసి అన్నారు: "బాగానే ఉందిరా, కానీ ఇది ఎవరిల్లు?"

నాకు అర్థం కాలేదు. "ధాన్యం గదిలో ఇంత వెలుగు ఎప్పుడుందిరా? మీ నాయనమ్మ దీపం లేకుండా అందులో అడుగుపెట్టేది కాదు. నువ్వయితే ఆ గుమ్మం దగ్గరికే వెళ్ళేవాడివి కాదు" అన్నారు.

నిజమే. ప్రోగ్రాము తప్పేం చేయలేదు. 0.5 మంచిదని మనమే చెప్పాం. అర సెకను ఫోటోలో ఆ గది 0.5 దగ్గర ఉంది, మార్కులు వేసేసింది. ఆ గదికి చీకటే గుర్తు అని దానికెవరు చెప్పాలి? ఆ ఇంట్లో పెరిగిన నాకే తట్టలేదు.

మళ్ళీ కూర్చున్నాను. అర సెకను ఫోటో తీసేశాను. ఎక్స్‌పోజర్ ఆప్టిమమ్ అనే ఆప్షన్ ఉంది, మామూలుగా 0.5. దాన్ని 0.35 చేశాను. గదిలో చీకటి తిరిగొచ్చింది. గాదె ఉందని తెలిసినవాడికి కనబడుతుంది, తెలియనివాడికి కనబడదు. నాన్నగారు ఈసారి ఏమీ అనలేదు. ఫ్రేము ఎక్కడ తగిలించాలో మాత్రం చెప్పారు. ఆ మే నెలలో ఇల్లు పడగొట్టారు.

ఇప్పుడీ పనంతా ఎందుకు, ఫోనే చేసేస్తుంది కదా అంటారు. నిజమే. 2010లోనే ఐఫోన్‌కి హెచ్‌డీఆర్ వచ్చింది. ఈ రోజుల్లో ఫోన్లు ఒక్క నొక్కుతో బోలెడు ఫ్రేములు తీసి, మనకి తెలియకుండానే కలిపేస్తున్నాయి. చాలాసార్లు నాకంటే బాగానే కలుపుతాయి, నాకేం కోపం లేదు. కానీ "బాగా" అంటే ఏమిటో అక్కడ ముందే ఎవరో తేల్చేశారు. ఎన్‌ఫ్యూజ్‌లో ఆ అంకె నా చేతిలో ఉంది, ఎందుకలా చేస్తోందో చూద్దామంటే సోర్సు కూడా ఉంది. ఉచితం అన్నదానికంటే నాకు ఇదే ముఖ్యంగా కనిపిస్తోంది.

అందుకే ఒక సలహా. కలిపిన ఫోటో వచ్చింది కదా అని అసలు ఫోటోలు తీసిపారేయకండి. నా దగ్గర ఆ ఐదూ భద్రంగా ఉన్నాయి. 0.35 మా నాన్నగారి ఇల్లు. ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా నిద్రపోని మా అమ్మాయికి రేపెప్పుడైనా ఆ గాదె స్పష్టంగా చూడాలనిపిస్తే, అర సెకను ఫోటో అందులోనే ఉంది.