ఇరవై రెండు నిమిషాల్లో ఒక ఊరు

నడుస్తున్న దారి వదిలేసి ఒక హాస్య సిరీస్ ఒకే ఎపిసోడ్‌లో పొట్టి కథలు గుదిగుచ్చి చూపించిందంటే, రచయితల దగ్గర సరుకు అయిపోయిందని అనుమానించడం ప్రేక్షకులకు అలవాటు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. పాత సన్నివేశాల ముక్కలు అతికించి ఒక వారం గట్టెక్కించడం అమెరికన్ టీవీలో ఎప్పటినుంచో ఉంది. ‘ది సింప్సన్స్’ కూడా 1993లో అలాంటిది ఒకటి చేసింది. అయితే అదే కార్టూన్ సిరీస్ ఏడో సీజన్‌లో, 1996 ఏప్రిల్ 14న ఫాక్స్ చానల్‌లో వచ్చిన ‘22 షార్ట్ ఫిల్మ్స్ అబౌట్ స్ప్రింగ్‌ఫీల్డ్’ని ఈ గాటన కట్టడానికి లేదు. సరుకు అయిపోయినవాళ్లు అలాంటిది రాయలేరు. ఒక ఊరిని, ఆ ఊరి జనాన్ని ఏళ్ల తరబడి ఓపిగ్గా కూడబెట్టుకున్నవాళ్లకే అది చేతనవుతుంది.

ఎపిసోడ్ మొదట్లో బార్ట్, మిల్‌హౌస్ అనే ఇద్దరు పిల్లలు వంతెన మీద నిలబడి కింద వెళ్లే కార్ల మీద ఉమ్ముతుంటారు. మన ఊళ్లో వాళ్లకి ఎప్పుడైనా ఏమైనా జరుగుతుందా అని వాళ్లకో సందేహం. అక్కడినుంచి కెమెరా ఊరి మీద పడుతుంది. బార్ట్ చెల్లెలు లీసా జుట్టులో చూయింగ్ గమ్ అంటుకుంటుంది, చంటి పాపను వాళ్ల నాన్న హోమర్ న్యూస్‌పేపర్ల పెట్టెలో ఇరికించేస్తాడు, యజమాని బర్న్స్‌తో కలిసి సైకిల్ తొక్కుతున్న స్మిథర్స్‌ని తేనెటీగ కుడుతుంది, పాస్టరు గారు తన కుక్కను పక్కింటి పచ్చికలోకి తోలుకెళ్లి పని కానిచ్చుకు వస్తారు. పేరులో 22 అని ఉంది గానీ లెక్కపెడితే అన్ని కథలు తేలవు. ఆ పేరు కూడా పియానో కళాకారుడు గ్లెన్ గూల్డ్ మీద 1993లో వచ్చిన కెనడా సినిమా పేరుకు పేరడీ. దీన్ని పది మందికి పైగా రచయితలు రాశారు. జిమ్ రీర్డన్ దర్శకుడు. ఎవరికి ఏ కథ అన్నది తేల్చిన పద్ధతి చూడండి: ఒక్కొక్కరు తమకు ఇష్టమైన మూడేసి పాత్రల పేర్లు చీటీల మీద రాసి ఒక టోపీలో వేశారు, చీటీ తీసి పంచుకున్నారు. ఏ చీటీ వచ్చినా రాయగలమన్న ధీమా ఉంటేనే గదా ఈ ఆట ఆడేది.

ఇదే సిరీస్‌లో అప్పటికే మరో రకం కథల గుత్తి ఉంది. 1990 అక్టోబరులో మొదలై ఏటా హాలోవీన్ వేళకు వచ్చే ‘ట్రీహౌస్ ఆఫ్ హారర్’లో మామూలుగా మూడు భయం కథలుంటాయి. వాటిలో సిరీస్ నియమాలన్నీ అటకెక్కుతాయి. గ్రహాంతరవాసులు దిగుతారు, పాత్రలు చచ్చిపోతాయి, మళ్లీ వారానికి అంతా మామూలే. జనానికి అవంటే ఇష్టం. ఆ ఇష్టాన్ని తప్పుపట్టను. కానీ రచయితకు అది సులువైన స్వేచ్ఛ. ఏమైనా జరగొచ్చు అన్నప్పుడు ఏం జరిగినా చెల్లుతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ కథల్లో ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఎవరూ చావరు, దెయ్యాలు రావు, గడియారం మామూలుగానే తిరుగుతుంది. ప్రతి మనిషీ తన రోజువారీ బుద్ధితోనే నవ్వించాలి. రెండిట్లో ఇదే కష్టమైన పని, నా లెక్కలో పెద్ద పని కూడా.

ఇక్కడ ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. సింప్సన్ కుటుంబం 1987లో ‘ది ట్రేసీ ఉల్‌మన్ షో’ మధ్యలో వచ్చే చిన్న చిన్న ముక్కలుగానే పుట్టింది. అరగంట సిరీస్ అయింది 1989 డిసెంబరులో. అంటే పొట్టి కథ వీళ్లకు కొత్త కాదు, పుట్టిల్లే. అయితే పుట్టినప్పుడు తెర మీద ప్రధానంగా ఉన్నది అయిదుగురు కుటుంబ సభ్యులు. 1996 నాటి పొట్టి కథల్లో ఆ అయిదుగురూ చాలావరకు పక్కకు తప్పుకున్నారు. తాగుబోతు, దొంగ, పోలీసు చీఫ్, హెడ్‌మాస్టరు, కొట్టు యజమాని ముందుకొచ్చారు. మధ్యలో గడిచిన ఆ ఏళ్లలో సిరీస్ సంపాదించింది వీళ్లనే.

సంపాదన ఎంత గట్టిదో స్కిన్నర్ కథ చెబుతుంది. ఈ ముక్క రాసింది బిల్ ఓక్లీ. ఆ సీజన్‌ను జోష్ వైన్‌స్టీన్‌తో కలిసి నడిపింది కూడా ఆయనే. హెడ్‌మాస్టరు స్కిన్నర్ తన పైఅధికారి, సూపరింటెండెంట్ చామర్స్‌ను భోజనానికి పిలుస్తాడు. అవెన్‌లో మాంసం మాడిపోతుంది. ఎదురుగా ఉన్న హోటల్ నుంచి బర్గర్లు తెచ్చి తనే వండానని వడ్డిస్తాడు. అక్కడినుంచి అబద్ధం మీద అబద్ధం. వాటికి ఇంకేదో పేరు పెడతాడు. అది మా ప్రాంతపు మాట అంటాడు. చామర్స్ తాను ఆ ప్రాంతం వాణ్నేననగానే ఊరు మారుస్తాడు. చివరకు వంటింట్లో మంటలు లేస్తే, ధ్రువ ప్రాంతాల ఆకాశంలో కనిపించే వెలుగులు నా వంటింట్లోకి వచ్చాయంటాడు. చామర్స్ మొద్దు కాదు. ప్రతి అబద్ధాన్నీ పట్టుకుంటాడు, ప్రశ్న వేస్తాడు, జవాబు విని వదిలేస్తాడు. చివరి అబద్ధానికి మాత్రం, చూడొచ్చా అని అడుగుతాడు. కుదరదంటాడు స్కిన్నర్. అంతటితో సరి. నవ్వంతా ఈ వదిలేయడంలో ఉంది. పైఅధికారికి నిజం తెలుసు, నిజంతో తగువు పెట్టుకునే ఓపిక లేదు. కిందివాడికి ఆ ఓపిక లేకపోవడమే ఆసరా. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఈ సంబంధం వివరించక్కర్లేదు. చామర్స్ ఈ సిరీస్‌లోకి వచ్చిందే 1993లో. ఆ మూడేళ్లలో ఇద్దరి మధ్యా కుదిరిన తీరు ప్రేక్షకుడికి తెలుసు కాబట్టి, మూడు నిమిషాలైనా లేని ఈ కథ పరిచయ వాక్యాలు లేకుండా నేరుగా మాడిన మాంసంతో మొదలవగలిగింది. ఇరవై ఏళ్ల తర్వాత ఇంటర్నెట్‌లో కుర్రకారు దీన్నే తీసుకుని నానా రకాలుగా తిరగరాసి వేల మందిని నవ్వించారు.

ఇదంతా జోకుల మూట, ఇందులో కథేదీ అనేవాళ్లున్నారు. కథ ఉంది, అయితే అది ఒక మనిషిది కాదు. బార్‌లో తాగుబోతు బార్నీ తన బాకీలో 2,000 డాలర్లు తీరుస్తాడు. బార్ యజమాని మో ఆ డబ్బు చూసి మురిసేలోపు స్నేక్ అనే దొంగ దోచుకుపోతాడు. ఆ దొంగ కారు సిగ్నల్ దగ్గర పోలీసు చీఫ్ విగ్గమ్ కంటపడుతుంది. ఇద్దరూ కొట్టుకుంటూ వెళ్లి పాత ఆయుధాలమ్మే హెర్మన్ కొట్లో పడి, వాడి చేతిలో బందీలవుతారు. (టరాంటినో ‘పల్ప్ ఫిక్షన్’ చూసినవాళ్లకు ఈ దారి తెలిసిందే.) వాళ్లను విడిపించేది వీరుడెవరూ కాదు. టాయిలెట్ కోసం ఊరంతా తిరుగుతూ తండ్రితో అక్కడికి చేరిన మిల్‌హౌస్ పొరపాటున చేసిన పనే. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి కథ ఇలా జారుతూ పోతుంది. మొదటి ముసాయిదా 65 పేజీలు వస్తే 42కి కోశారు. అంత కోత పడ్డాక కూడా ముడులు ఊడలేదంటే అల్లికలో పట్టు ఉన్నట్టే.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. ఇంత తక్కువ వ్యవధిలో పాత్రను గుర్తుపట్టించాలంటే ఒకటి రెండు గీతలే గీయాలి. ఆ గీతలే ఒక జాతిని ఎగతాళి చేసేవైతే? ఈ ఎపిసోడ్‌లో అపు ఉన్నాడు. సత్యజిత్ రాయ్ సినిమాల నుంచి పేరు తెచ్చుకున్న ఈ భారతీయ దుకాణదారు, అయిదు నిమిషాలు కొట్టు మూసి, సోదరుడు సంజయ్ ఇంట్లో విందుకెళ్లి, తిని, ఆడి, ఈది, ఒకామెతో సరసమాడి, సమయానికి తిరిగొస్తాడు. ఈలోగా ముసలి హాన్స్ మోల్‌మన్ కొట్లోనే తాళం కింద ఉండిపోతాడు. కౌంటరు వెనకాల మనిషికి బతుకు మీద ఇంత ఆకలి ఉందని చూపడం బాగుంది. కానీ దానికి పెట్టిన శీర్షిక ‘సరదా బెంగాలీ’, యాసతో గొంతిచ్చింది హాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. న్యూయార్క్‌లో పెరిగిన తెలుగు కుటుంబపు కమెడియన్ హరి కొండబోలు 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ డాక్యుమెంటరీ తీసి, ఆ గొంతు అమెరికాలోని మన పిల్లలకు బడుల్లో ఎగతాళి పాటగా ఎలా మారిందో అడిగారు. 2020లో అజారియా ఆ పాత్ర వదులుకున్నారు. కొండబోలు వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉండాలనీ అనుకోను. ప్రేక్షకుడికి ముందే తెలిసినదాని మీద ఆధారపడటం పొట్టి కథ బలం. తెలిసిందే వంకర అయితే దాన్ని సరిదిద్దే తీరిక దానికి ఉండదు. మూడు వారాల తర్వాత, మే 5న, వలసదారులను పంపేయాలనే ఓటింగ్ మీద ఇదే సిరీస్ అపు చుట్టూ పూర్తి ఎపిసోడ్ తీసింది. అక్కడ అతని భయం, పరాయి దేశం మీద అతని మమకారం రెండూ కనిపిస్తాయి, ఎందుకంటే నిడివి ఉంది. కాబట్టి లోపం కథల గుత్తి అనే రూపానిది కాదు, కూడబెట్టిన సరుకులో కల్తీది. పాలు మంచివైతేనే వెన్న మంచిది.

ఈ ఎపిసోడ్ తర్వాత ఊరి మీదే విడిగా ఒక సిరీస్ నడపాలన్న ఆలోచన రచయితలకు వచ్చింది, కానీ అది జరగలేదు. ఒకందుకు అది మంచిదే అనిపిస్తుంది. వారం వారం ఇలాగే ఖర్చుపెడితే కూడబెట్టేది ఎప్పుడు? సింప్సన్స్ ఎప్పుడూ చూడనివాళ్లకు ఒక మాట: దీనితో మొదలుపెట్టకండి. నాలుగో సీజన్ నుంచి పదో పన్నెండో ఎపిసోడ్లు చూసి, స్కిన్నర్‌నీ మోనీ విగ్గమ్‌నీ పేరు పెట్టి పిలవగలిగాక దీని దగ్గరికి రండి.